తొడుగు లేని పురుగు

నేను అమలాపురం పశువుల ఆస్పత్రిలో చేరేనాటికి మా ప్రాంతం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. చదువు ముగించుకుని నేరుగా వచ్చిన కుర్ర డాక్టర్ని. ఆస్పత్రి అంటే కాలవ గట్టు మీద ఒక పెంకుటిల్లు, లోపల మందుల బీరువా, కిటికీ దగ్గర బల్ల, దాని మీద ఎర్ర గుడ్డ చుట్టిన మైక్రోస్కోపు. నాకు ముందున్నాయన ఆ గుడ్డ విప్పినట్టు లేదు. విప్పాల్సిన అవసరమూ వచ్చి ఉండదు. మా దగ్గరికి వచ్చేవి గేదెలు, ఎడ్లు. గొంతువాపు, గాలికుంటు, ఈనలేక అవస్థ పడే చూడిగేదెలు. కుక్కని వైద్యానికి తెచ్చినవాళ్ళని నేనెరగను.

అందుకే ఒక మధ్యాహ్నం ఒకావిడ కుక్కని తాడుతో పట్టుకుని పడవల రేవు వైపు నుంచి వస్తుంటే, ఆవిడ పక్కనున్న పెద్దాస్పత్రికి వెళ్తోందనుకున్నాం. యాభై దాటిన మనిషి. తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు. ఎడమ కాలు మోకాలి కింది నుంచి బోదకాలు. కుచ్చిళ్ళు కిందికి దించి కట్టుకున్నా పాదం వాపు దాగలేదు. మెల్లగా నడుస్తోంది. కుక్క అంతకన్నా మెల్లగా నడుస్తోంది. అది ఆగి దగ్గినప్పుడల్లా ఆవిడ ఆగుతోంది. ఆవిడ కాలు కుదుటపరుచుకోడానికి ఆగితే కుక్క కూర్చుని ఎదురుచూస్తోంది.

ఆవిడది ముక్తేశ్వరం. పేటలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. వాళ్ళ తాతల కాలంలోనే క్రైస్తవంలో కలిసిన కుటుంబం. తండ్రి కూడా బళ్ళో చెప్పినవాడే. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఆవిడా, ఆ గోధుమరంగు ఊరకుక్కా. రోజూ బడి దాకా తోడు వెళ్ళి, సాయంత్రం దాకా అరుగు కింద పడుకుని, మళ్ళీ తోడు వచ్చేదట. ఈమధ్య సగం దారిలోనే కూలబడిపోతోందట. దగ్గు. పొట్ట ఉబ్బుతోంది, వెన్నుమీద కండ కరిగిపోతోంది.

"పడవవాడు కుక్కని ఎక్కనివ్వనన్నాడండీ," అందావిడ. "నీ పడవలో మేకలు ఎక్కటం లేదా, ఇది మేకకన్నా మర్యాదగా కూర్చుంటుంది అన్నాను. కూర్చుందండీ."

కుక్క ఛాతీకి గొట్టం ఆనించి విన్నాను. గుండె చప్పుడు విడివిడిగా వినిపించాల్సిన చోట, దగ్గర్లో ఎవరో తడిగుడ్డ ఉతుకుతున్నట్టు ఒక గరగర వినిపించింది. తరగతిలో విన్న పాఠం ఒకటి లీలగా గుర్తొచ్చింది. చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసుకున్నాను. ఎర్ర గుడ్డ విప్పి, మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాను.

మొదట ఎర్రకణాలు తప్ప ఏమీ లేవు. కాసేపటికి ఒక మూల కణాలు చెల్లాచెదరయ్యాయి. మధ్యలో సన్నటి పోగులాంటిదేదో మెలికలు తిరుగుతోంది. పలక కొంచెం జరిపితే ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. పాఠంలో చదివినదాన్ని నా కళ్ళతో చూడటం అదే మొదలు. నాకు కలిగింది సంతోషమే, దాచుకోవడం ఎందుకు. ఆ వెంటనే వెనక నిలబడ్డ మనిషి గుర్తొచ్చి మొహం సర్దుకున్నాను.

ఆవిడ తానూ చూస్తానంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి చేతిలో పట్టుకుని, గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు చూసింది. నేను చెబుతూ పోయాను. ఇవి పిల్ల పురుగులనీ, పెద్దవి కుక్క గుండెలోనే జానెడు పొడుగున పెరుగుతాయనీ, అక్కడ అడ్డం పడటం వల్లే ఆయాసమనీ, దోమ ఒక కుక్కని కుట్టినప్పుడు ఈ పిల్లలు దోమలోకి పోయి, కొన్నాళ్ళకి మరో కుక్కలోకి దిగుతాయనీ.

ఆవిడ తలెత్తకుండానే అడిగింది. "నాలో ఉన్నవీ ఇవేనాండీ?"

ఆ రోజుల్లో బోదకాలు పరీక్షలవాళ్ళు కోనసీమంతా తిరుగుతున్నారు. మనిషిలోని పురుగు రాత్రిపూట మాత్రమే పైరక్తంలోకి వస్తుందని, వాళ్ళు రాత్రులు ఇళ్ళకి వెళ్ళి వేలు గుచ్చి రక్తం తీసేవారు. ఈవిడ దగ్గరా తీశారు. ఏం తేలిందో చెప్పినవాళ్ళు లేరు. రక్తంలో పురుగు, దోమ అన్న మాటలు మాత్రం ఊళ్ళో మిగిలిపోయి, నోటినోటికీ మారి, కుక్కల నుంచే మనుషులకి బోద వస్తోందన్న దగ్గర ఆగాయి. కుక్కని ఇంట్లో పడుకోబెట్టుకున్నందుకే పంతులమ్మకి కాలు అలా అయిందని వీధిలో అనుకుంటున్నారట. ఇదంతా ఆవిడే చెప్పింది.

"అది పుట్టకముందే నా కాలు వాచిందండీ. కాబట్టి అది నాకిచ్చిందన్న మాట నేను నమ్మను. నా నుంచే దానికి వచ్చిందేమోనని నా భయం. నా కాళ్ళ దగ్గరే పడుకుంటుంది కదా, నన్ను కుట్టిన దోమే దాన్నీ కుడుతుంది. అది తెలుసుకుందామనే వచ్చేను."

కాదు అని చెప్పేయాలనిపించింది. కానీ నాకు నిజంగా తెలియదు. ఆ మాటే చెప్పాను. తెలుసుకుని ముక్తేశ్వరం వచ్చి చెబుతానన్నాను.

"ఆయ్," అని ఆవిడ కుక్కని లేవదీసింది.

బోదకాలు పరీక్షల డాక్టరు గారు అమలాపురంలో ఒక మేడమీద అద్దెకి ఉండేవారు. నాకన్నా చాలా పెద్ద. ముక్కుపొడుం పీల్చేవారు, అందువల్ల మైక్రోస్కోపులో చూస్తున్నప్పుడు తుమ్మకుండా ఉండటానికి అవస్థ పడేవారు. పశువుల డాక్టరు కుక్క రక్తం పట్టుకొచ్చాడని ఆయన నవ్వలేదు. కూర్చోబెట్టి, నా పలకనీ ఆయన పలకనీ ఒకే రంగులో ముంచి, ఆరబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి చూపించారు.

రెండూ పైకి అన్నదమ్ముల్లా ఉన్నాయి. కానీ మనిషి పురుగుకి ఒక పల్చటి తొడుగు ఉంది. తలగడ కన్నా గలీబు పెద్దదైతే చివర ఖాళీగా వేలాడుతుంది చూడండి, అలా తోక దాటి ఆ తొడుగు కనిపిస్తోంది. కుక్క పురుగుకి ఆ తొడుగు లేదు. ఒంటి మీద ఏమీ లేకుండా తిరుగుతోంది. ఆయన వరసగా పలకలు మార్చి చూపిస్తూ పోయారు. మనుషులవన్నీ తొడుగుతోనే ఉన్నాయి. కుక్కది కుక్కకే, మనిషిది మనిషికే అన్నారాయన. మోసే దోమకి మాత్రం ఆ భేదం లేదు, రెంటినీ మోస్తుంది.

మర్నాడే పడవ ఎక్కాను. మంచి కబురు మోసుకుని వెళ్తున్నానన్న ఉత్సాహంలో ఉన్నాను. రేవులో దిగేసరికి దండోరా వినిపించింది. వచ్చే వారం ఊళ్ళో కుక్కలన్నిటికీ విషపు ఉండలు వేయిస్తున్నారు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి అని.

పంచాయతీ ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళాను. కొబ్బరితోటల ఆసామి. చెడ్డమనిషి కాడు. ఆయన మేనల్లుడికి ఆ మధ్యే బోద జ్వరాలు మొదలయ్యాయి, ఆ కుర్రాడి కాలు చూసి ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఎవర్నో ఒకర్ని చంపితే గానీ ఆ ఏడుపు ఆగదన్నట్టు ఉంది ఆయన పరిస్థితి. నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు. ఊరి కుక్కల్లో ఉన్నది మనిషి పురుగు కాదని పరీక్ష చేసి చూపించేదాకా ఆగమన్నాను.

"ఆగుతామండీ, మీరు చదువుకున్నవారు. పురుగున్న కుక్కలేవో మీరు గుర్తుపెట్టండి. వాటికే ఉండలు వేయిస్తాం. మిగతావాటితో మాకేం పనండీ?"

ఆ మాటలోని చిక్కు నాకప్పుడు అర్థం కాలేదు. ఒప్పుకున్నందుకు దణ్ణం పెట్టి వచ్చేశాను.

పంతులమ్మ గారి ఇంటి అరుగు మీద కూర్చుని తొడుగు సంగతి చెప్పాను. మీ నుంచి దానికి రాలేదండీ, దాని నుంచి మీకూ రాలేదు అన్నాను. ఆవిడ కుక్క తలమీద చెయ్యి వేసి, దాని రెండు చెవుల మధ్య వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

వీధిలో కుక్కల్ని పరీక్ష చేస్తానని, సంచీలోంచి దారపు ఉండలు తీశాను. పురుగున్నవాటి మెడకి ఎర్ర దారం, లేనివాటికి తెల్ల దారం కట్టాలని నా ఆలోచన. మళ్ళీ వచ్చినప్పుడు ఏది ఏదో తెలుస్తుంది. ఆవిడ ఆ రెండు ఉండల్నీ చేతిలోకి తీసుకుని చూసింది.

"రెండు రంగులు వద్దండీ," అంది.

ఎందుకన్నట్టు చూశాను.

"మా పేటలో అంతకుముందు విడత, నా రక్తం తియ్యకముందు, రక్తంలో పురుగున్నవాళ్ళ గుమ్మాల మీద సుద్దతో గుర్తు పెట్టేరండీ. మాత్రలు ఇవ్వడానికి సులువని. వాళ్ళు మంచికే పెట్టేరు. ఆ సుద్ద మొదటి వానకే పోయింది. ఆ ఇళ్ళల్లో ఒక పిల్లకి ఆగిపోయిన పెళ్ళిమాటలు మాత్రం ఇంతవరకూ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు." ఎర్ర దారం ఉండని నా సంచీలో పెట్టేసింది. "అన్నిటికీ ఒకటే రంగు కట్టండి. మీకు తెలియాల్సింది మీ దగ్గర ఉంచుకోండి."

అప్పుడు ప్రెసిడెంటు గారి మాట నాకు సరిగ్గా వినిపించింది.

సాయంకాలాలు ముక్తేశ్వరం వెళ్ళడం అలవాటైంది. కుక్క పురుగు పగలు కూడా దొరుకుతుంది కానీ, పొద్దు వాలేటప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. కుక్కల్ని పట్టుకోవడం గేదెల్ని పట్టుకున్నంత తేలిక కాదు. నన్ను చూస్తేనే పారిపోయేవి. పంతులమ్మ గారు పిలిస్తే వచ్చేవి, ఎందుకంటే ఆవిడ చేతి గంజి తాగని కుక్క ఆ చుట్టుపక్కల లేదు. ఆవిడ ఒడిలో మూతి పెట్టుకుని ఉండగా నేను చెవి గుచ్చేవాణ్ణి. గుచ్చిన ప్రతి కుక్క మెడలోనూ తెల్ల దారమే. ఏ ఇంటి కుక్కలో పురుగుందో నా కాగితం మీద రాసుకునేవాణ్ణి. యజమాని అడిగితే అతనికి మాత్రం చెప్పేవాణ్ణి.

కొన్ని వారాలకి కాగితం చూడక్కర్లేకుండానే ఒక సంగతి తెలిసిపోయింది. గోదావరి గట్టు వైపు, గాలి ఆడే ఇళ్ళలో, పురుగున్న కుక్కలు అరుదు. పేట చివరికి వచ్చేకొద్దీ ఎక్కువ. అక్కడ కొబ్బరి పీచు నానబెట్టే గుంటలున్నాయి. నల్లటి నీళ్ళు, చాకలిరేవు దాకా కొట్టే కుళ్ళు వాసన, సంధ్యవేళ ఆ నీళ్ళ మీద నుంచి లేచే దోమలు పొగలా కనిపించేవి. ఆ గుంటలకి ఎంత దగ్గరైతే కుక్కలో పురుగు ఉండటం అంత ఖాయం. బోదకాలు పరీక్షల పెద్ద డాక్టరు గారికి చెబితే, ఆయన తన మనుషుల వివరాలు తీసి చూశారు. అక్కడా అదే వరస.

ఒక ఆదివారం మధ్యాహ్నం పంచాయతీ అరుగు మీద అందర్నీ పోగుచేశారు. పెద్ద డాక్టరు గారూ నేనూ మైక్రోస్కోపు తీసుకుని వెళ్ళాం. ప్రెసిడెంటు గారు ముందు చూశారు. చాలాసేపు చూసి, నల్లటి ఈతాకుల్లాంటివి కనిపిస్తున్నాయన్నారు. అవి ఆయన కనురెప్పల వెంట్రుకలని చెబితే అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. రెండోసారి సరిగ్గా చూశారు. తొడుగున్నదీ లేనిదీ మార్చి మార్చి చూసి, తేడా ఉందని ఒప్పుకున్నారు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి చూశారు.

ఎవరో అడిగారు, ఈ మనిషి పురుగు ఎవరి రక్తంలోది అని.

"ఈ ఊరివారిదే," అన్నారు పెద్ద డాక్టరు గారు.

అందరి చూపులూ అరుగు చివర కూర్చున్న పంతులమ్మ గారి కాలి మీదికి వెళ్ళాయి. ఆవిడ చీర సర్దుకోలేదు. అలాగే కూర్చుంది.

"బోద ఉన్నవారిది కాదు," అన్నారాయన మళ్ళీ. "రెండు కాళ్ళూ మీ నా కాళ్ళలాగే ఉన్న మనిషిది. జ్వరం లేదు, వాపు లేదు. ఆ మనిషికే తెలియదు, రేపు నేను విడిగా చెప్పి మాత్రలిస్తాను. ఇలాంటివాళ్ళ నుంచే దోమ ఎక్కువగా మోసుకుపోతుంది."

ఆ మనిషెవరో చెప్పమని ప్రెసిడెంటు గారు గొంతు తగ్గించి అడిగారు. ఆయన చెప్పనన్నారు. అరుగు మీద ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకాయన పంచె పైకి లాగి పిక్క నొక్కి చూసుకున్నాడు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఎందుకంటే నేనూ అదే ఊళ్ళో ఎన్నో సాయంకాలాలు దోమకాటు తిన్నవాణ్ణే.

తర్వాత గుంటల సంగతి నేను చెప్పాను. అవి ప్రెసిడెంటు గారివని నాకు తెలుసు, అక్కడందరికీ తెలుసు. ఆయనే అన్నారు, "గుంటలు మావేనండీ. వాటి మీద బతికే ఇళ్ళున్నాయి మరి. పీచు నానకపోతే తాళ్ళు పేనేవాళ్ళు ఏం తింటారు?" అదీ నిజమే. పేటలో చాలామంది ఆడవాళ్ళు ఆ పీచు కొట్టే బతుకుతున్నారు. చివరికి ఇళ్ళకి ఆనుకుని ఉన్న గుంటలు పూడ్పించి, మిగతావాటిలో మట్టినూనె చల్లించడానికి ఒప్పుకున్నారు. విషపు ఉండల మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. పక్క ఊళ్ళో మాత్రం అప్పటికే కుక్కల్ని చంపించేశారు. అక్కడ బోదజ్వరాలు తగ్గలేదని తర్వాత పెద్ద డాక్టరు గారి ద్వారా విన్నాను.

పంతులమ్మ గారి కుక్కకి మందు ఉంది. నరానికి ఎక్కించే సూదిమందు. గుండెలో పురుగులు చస్తాయి, కానీ చచ్చినవి రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే కుక్క నిలవదు. జబ్బు అంత ముదిరాక మందు వల్ల చనిపోయే కుక్కలే ఎక్కువ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఒక రాత్రి ఆలోచించుకుని వద్దంది. దాన్ని ఇక నడిపించనంది. బడికి తోడు రావద్దని దానికి నేర్పడానికి కష్టపడాల్సి వచ్చిందట. ఆవిడ బయల్దేరగానే లేచి నిలబడేదట. అందుకని కొన్నాళ్ళు పిల్లల్నే ఇంటి అరుగు మీదికి రమ్మని, అక్కడే పాఠాలు చెప్పింది. నేను దాని పొట్టలో నీరు తీసినప్పుడల్లా కుక్క కొన్ని రోజులు తేలిగ్గా ఊపిరి పీల్చేది.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున్న పోయింది. కబురందుకుని వెళ్ళేసరికి దాన్ని పాత దుప్పటిలో చుట్టి కొబ్బరిచెట్టు నీడన పడుకోబెట్టి ఉంచింది. కోసి చూడనిస్తారా అని ఎలా అడగాలో తెలియక తచ్చాడుతుంటే, ఆవిడే, "చూడాలి కదండీ మీరు, చూడండి," అంది. లోపలికి వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. పీట తెప్పించుకుని అక్కడే కూర్చుంది.

గుండె కుడిపక్క తెరవగానే తెల్లటి పురుగులు, ఉడికిన సేమియా ముద్దలా, ఒకదానికొకటి పెనవేసుకుని బయటికి జారాయి. ఎన్ని పుస్తకాలు చదివినా అలాంటి దృశ్యానికి మనసు సిద్ధంగా ఉండదు. అంత బరువు గుండెలో పెట్టుకుని ఆ జీవి బడి దాకా నడిచింది. ఆవిడ వంగి చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతటవే కారాయి.

అప్పుడు అడిగాను, ఈ గుండెని మందు నీళ్ళలో భద్రం చేసి కాలేజీకి పంపితే ఉపయోగం ఉంటుంది, తీసుకెళ్ళనా అని. అడుగుతుంటే ఆ మాట నాకే బాగాలేదు.

"పిల్లలకి చూపిస్తారాండీ?"

"చూపిస్తారండీ. చూసినవాడు ఎక్కడికి వెళ్ళినా మర్చిపోడు."

"అయితే తీసుకెళ్ళండి," అంది. మిగిలినదాన్ని పెరట్లో పూడ్పించి, బడిపిల్లలతో కలిసి ఒక ప్రార్థన చెప్పింది. కుక్కకి ప్రార్థనేమిటని పేటలో ఒకరిద్దరు నొచ్చుకున్నారని తర్వాత విన్నాను.

ఆ చలికాలంలో పెద్ద డాక్టరు గారు తన పని మీద పేటకి వస్తే నేనూ వెంట వెళ్ళాను. పంతులమ్మ గారు మా ఇద్దరికీ కాఫీ ఇచ్చి, తన రక్తం సంగతి ఏమైందని అప్పుడు అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. చెప్పి ఉండాల్సింది, పనిలో పడి కబురు చేయలేదన్నారు. రెండుసార్లు చూశారట. ఆవిడ రక్తంలో పురుగు లేదు. బోద ముదిరినవాళ్ళలో చాలామందికి అంతేనట. పురుగు ఎప్పుడో పోతుంది. వాపు మాత్రం అలాగే ఉండిపోతుంది. రోజూ సబ్బుతో కాలు కడుక్కుని, ఎత్తు మీద పెట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయని చెప్పారు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"అంటే నా నుంచి ఎవరికీ ఏమీ అంటదన్నమాట."

"ఏమీ అంటదమ్మా. ఎన్నో ఏళ్ళ నుంచే అంటదు."

ఆవిడ వీధి వైపు చూసింది. అవతల ఇంటి గుమ్మంలో ఒకావిడ బియ్యం చెరుగుతోంది. బోద అంటుకుంటుందని, పంతులమ్మ గారు ముట్టుకున్న కడవ తాము ముట్టుకోం అని ఆ ఇంటివాళ్ళే ఒకప్పుడు అన్నారట.

"ఈ మాట వాళ్ళకి చెప్తారాండీ?" అని అడిగింది. వెంటనే తనే, "వద్దులెండి. నేనే చెప్తాను," అని లేచింది.

మేమింకా అరుగు మీద ఉండగానే, గొడుగు ఊతంగా పట్టుకుని మెట్లు దిగి, వీధి దాటి, ఆ గుమ్మం ముందు నిలబడింది. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. చేట పక్కన పెట్టి ఆ ఇంటావిడ లేచి నిలబడటం, లోపలికి వెళ్ళి పీట తెచ్చి వెయ్యడం మాత్రం కనిపించింది. పంతులమ్మ గారు కూర్చుంది. పడవకి వేళవుతోందని పెద్ద డాక్టరు గారు గుర్తుచేశారు. చెప్పకుండా వెళ్ళడం బాగుండదని ఇద్దరం మరి కాసేపు చూశాం. ఆవిడ ఇటు తిరగలేదు. సంచులు తీసుకుని రేవు దారి పట్టాం.